గాజుతొట్టిలో కడలి

సముద్రమునకు రత్నాకరమని పూర్వులు పేరిడిరి. ముత్యములును పగడములును అందుండి లభించుటచే ఆ పేరు సార్థకమైనది. కాని ఆ జలరాశిలో ప్రాణములేని రత్నములకంటె ప్రాణమున్న రత్నములే యెక్కువ వింతయైనవి. నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలు దాల్చిన విదూషక చేప, పూవువలె విచ్చుకొని తాకినంతనే ముడుచుకొను సముద్రపుష్పము, అయిదు కరములతో రాతినంటుకొని మెల్లమెల్లగా ప్రాకు నక్షత్రచేప మొదలగువానిని ఒకసారి చూచినవారికి మరల మరల చూడవలెనని యుండును. అట్టి జీవులను ఒక గాజుతొట్టిలో నుంచి పెంచుట ఇటీవలి కాలమున పట్టణములలో వేడుకయైనది. కొన్ని పాఠశాలల విజ్ఞానశాస్త్రపు గదులలో సైతము ఇట్టి తొట్టులు కానవచ్చుచున్నవి.

మంచినీటి చేపలను పెంచుట కొంత సులభము. ఉప్పునీటి జీవులను పెంచుట అట్లు కాదు. ఆ కష్టము మేత వేయుటలో లేదు. తొట్టిని కొనుటలోను లేదు. నీరు ఎంత యుండవలెనో అంత యుండుట, ఉప్పు ఎంత యుండవలెనో అంత యుండుట, ఈ రెంటియందే కలదు. వినుటకు ఇది అతి స్వల్పవిషయముగా తోచును. అయినను ఉప్పునీటి తొట్టులలో ప్రాణులు మరణించుటకు గల కారణములలో ఈ స్వల్పవిషయమును ఉపేక్షించుట ముఖ్యమైనది.

ఈ విద్యకు నూటడెబ్బది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. 1846వ సంవత్సరమున ఆనా థిన్ అను నొక ఆంగ్ల వనిత ఇంగ్లండు దక్షిణతీరమందలి టార్కీ అను ఊరికి పోయెను. అచ్చట సముద్రపు రాళ్లనంటియున్న ప్రవాళజాతి జీవులను చూచి ముచ్చటపడి, వానిని రాతిజాడీలో నుంచుకొని లండను నగరమునకు తెచ్చెను. లండను సముద్రపుటొడ్డున నున్న నగరము కాదు. తీరమునుండి మాటిమాటికి నీటిని తెప్పించుట సులభము కాదు. కావున ఆమె ఉన్న నీటినే పాడుకాకుండ కాపాడుకొనవలసి వచ్చెను. ఆ యింటి పనికత్తె తెరచిన కిటికీ యెదుట నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి దినమునకు అరగంటకు పైగా ఎత్తిపోయుచుండెడిది. అట్లు పోయుటవలన గాలి నీటిలో కలిసెడిది. తరువాత ఆనా థిన్ సముద్రపు నాచును కూడ ఆ పాత్రలలో పెంచెను. ఆ జీవులు దాదాపు మూడేండ్లు బ్రదికినవి. కీర్తి యజమానురాలికి దక్కినది గాని, ఆ పనికత్తె చేతులు లేకున్నచో ఆ జీవులు మొదటి మాసము దాటియుండెడివి కావు.

1853లో లండను జంతుప్రదర్శనశాలవారు ప్రజలు చూచుటకై మత్స్యశాలను తెరచిరి. మరుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఈ విషయముపై ఒక గ్రంథమును ప్రకటించెను. అక్వేరియము అను పేరు ఆ గ్రంథము మూలముననే జనులలో వ్యాపించినది. తీరమునకు దూరముగా నున్నవారికై గాస్ వంట ఉప్పుతోపాటు మెగ్నీషియము, పొటాసియము లవణములను కూడ మంచినీటిలో కలిపి కృత్రిమ సముద్రజలమును తయారుచేసెను. నేడు అంగళ్లలో అమ్మబడు సముద్ర లవణపు పొట్లములకు అదియే మూలము.

వంట ఉప్పు ఒక్కటియే చాలదా యను సందేహము కలుగవచ్చును. సముద్రజలము కిలోగ్రామునకు సగటున 35 గ్రాముల లవణములు కలవు. ఈ పరిమాణమునకే లవణీయత యని పేరు. ఆ లవణములలో క్లోరైడు నూటికి 55 పాళ్లు, సోడియము సుమారు 31 పాళ్లు. ఇవి రెండును కలిసినదే వంట ఉప్పు. మిగిలిన భాగమున సల్ఫేటు, మెగ్నీషియము, కాల్షియము, పొటాసియము మొదలగునవి యున్నవి. 1872 మొదలు 1876 వరకు చాలెంజర్ అను ఓడ ప్రపంచ సముద్రములను చుట్టి తెచ్చిన నీటిలో 77 నమూనాలను డిట్మార్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పరీక్షించి, 1884లో ఫలితములను ప్రకటించెను. మొత్తముమీద లవణము ఒకచోట ఎక్కువగాను మరియొకచోట తక్కువగాను ఉండవచ్చును; కాని ముఖ్యలవణముల పరస్పర నిష్పత్తి మాత్రము విశాలసముద్రమున నెచ్చటనైనను ఒక్కటియే యని తేలినది. సముద్రజీవులు తరతరములుగా ఆ నిష్పత్తికే అలవాటుపడినవి. గవ్వకు, పగడమునకు కాల్షియము లేనిదే ఇల్లు కట్టుకొనుట కుదరదు.

ఇప్పుడు ఉప్పుమడులను తలచుకొనుట మంచిది. శ్రీకాకుళము జిల్లా నౌపడలోను, దక్షిణకోస్తాయందు చినగంజాములోను సముద్రపు ఉప్పునీటిని మడులలో పారించి ఉప్పు పండించుదురు. అచ్చట రైతు చేయునది గొప్ప రసాయనక్రియ యేమియు కాదు. నీటిని పలుచగా నిలువగట్టి ఎండకును గాలికిని అప్పగించును. నీరు ఆవిరియై పోవును. ఉప్పు పోవుటకు దారి లేదు. నీరు సుమారు పదవవంతునకు తగ్గునప్పటికి వంట ఉప్పు పలుకులుగా పేరుకొనును. మెగ్నీషియము మొదలగు లవణములతో మిగిలిన చేదునీటిని రైతు బయటికి వదలివేయును. అందువలననే మడిలో పండిన ఉప్పును మరల నీటిలో కరగించినంతమాత్రమున సముద్రము తిరిగి రాదు. చేదునీటితో పోయినది పోయినట్లే.

గాజుతొట్టి కూడ ఒక చిన్న ఉప్పుమడి. దాని యజమాని ఉప్పు పండింపవలెనని తలపకపోయినను ఎండయు గాలియు తమ పని తాము చేయుచునే యుండును. కావలసినది ఆ పనిని ఏనాటిదానిని ఆనాడే సరిదిద్దుట.

ఒక లెక్క చూచినచో సంగతి తేటపడును. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టిలో 30 సెంటీమీటర్ల యెత్తున నీరున్నదనుకొనవచ్చును. ఆ నీరు 54 లీటర్లు. లెక్క సులభమగుటకై లీటరునకు 35 గ్రాముల ఉప్పని తీసికొన్నచో అందలి ఉప్పు 1,890 గ్రాములు. నీటిమట్టము ఒక సెంటీమీటరు తగ్గినచో 1.8 లీటర్ల నీరు పోయినట్లు. వేసవిలో నాలుగు దినములు పట్టించుకొనక మూడు సెంటీమీటర్లు తగ్గినదనుకొన్నచో పోయినది 5.4 లీటర్లు, మిగిలినది 48.6 లీటర్లు. ఉప్పు మాత్రము ఆ 1,890 గ్రాములే. ఇప్పుడు లీటరునకు 38.9 గ్రాములైనది. నిజమునకు తొట్టిలో నీరొక్కటియే ఉండదు. రాళ్లును ఇసుకయు ఉండును. అవి 9 లీటర్ల చోటు ఆక్రమించినచో మొదట నుండిన నీరే 45 లీటర్లు. అప్పుడు అదే 5.4 లీటర్లు ఆవిరి యగుటచే లవణీయత దాదాపు 40కి పెరుగును. ఇదే నష్టము 540 లీటర్ల తొట్టిలో జరిగినచో 35 గ్రాములు 35.35 అగును, చేపకు తెలియనైన తెలియదు. చిన్నతొట్టిని సాకుట సులభమని క్రొత్తవారు దానినే కొందురు. చోటు విషయమున, ధర విషయమున వారి యూహ సరియే. నీటి విషయమున మాత్రము తొట్టి ఎంత చిన్నదైన అంత కష్టము.

తగ్గిన మట్టమును చూచినవాడు ఏమి చేయును? సముద్రజీవుల తొట్టి కావున సముద్రజలమునే పోయవలెనని తలచుట సహజము. అదియే పెద్ద పొరపాటు. ఆవిరియైనది మంచినీరు, కావున పోయవలసినది మంచినీరే. పై తొట్టిలో 5.4 లీటర్ల సముద్రజలము పోసినచో దానితో 189 గ్రాముల ఉప్పు అదనముగా చేరును. గీతవరకు నీరు నిండినది కనుక అంతయు బాగుగా నున్నట్లు కంటికి తోచును. లవణీయత మాత్రము 38.5 వద్ద నిలిచిపోవును. ఈ విధముగా పదిసార్లు చేసినచో తొట్టిలోని ఉప్పు రెట్టింపై 70 గ్రాములగును. అంతవరకు ప్రాణులు ఆగవు.

దీనికి సరిగా వ్యతిరేకమైన పొరపాటు మరియొకటి యున్నది. తొట్టిని శుభ్రపరచుటకై గొట్టముతో అడుగునీటిని తోడివేయుదురు. అట్లు పోయినది ఉప్పునీరు. నీటితోపాటు ఉప్పు కూడ పోయినది. దానికి బదులు మంచినీరు పోసినచో మొదటిసారి పదవవంతు మార్చినప్పుడు 35 గ్రాములు 31.5 అగును, రెండవసారి 28.35 అగును. కావున గాలికి పోయినదానికి మంచినీరు, చేతితో తీసినదానికి ఉప్పునీరు అను భేదమును చక్కగా గుర్తింపవలెను. తొట్టి అంచులపైన, మూతపైన తెల్లగా పేరుకొను ఉప్పు, చేపలు ఎగిరిపడినప్పుడు చిందిన నీరు కూడ చేతితో తీసినదానిక్రిందనే లెక్క. ఇవి స్వల్పమే యైనను నెలల తరబడి కూడిన లవణీయతను కొంత తగ్గించును. మట్టము సరిగా నున్నంతమాత్రమున ఉప్పు సరిగా నున్నదనుకొనరాదు. అందుకే గీతతో పాటు కొలత కూడ కావలసియున్నది.

లవణీయత మారినచో ప్రాణికి కలుగు హాని యేమి? దీనిని తెలిసికొనుటకు ప్రయోగశాలకు పోవలసిన పనిలేదు. వంటింటిలో మాగాయ పెట్టునప్పుడు చూచిన చాలును. తరిగిన మామిడిముక్కలకు ఉప్పు కలిపి జాడీలో మూడుదినము లుంచుదురు. చుక్కయైన నీరు పోయకున్నను ముక్కలు ఊటలో తేలుచుండును. ఆ నీరు ముక్కలలోనిదే. వెలుపల ఉప్పు ఎక్కువగా నుండుటచే ముక్కలోని నీరు దాని పొరలను దాటి బయటికి వచ్చినది. ఇందుకు వ్యతిరేకముగా ఎండుద్రాక్షను మంచినీటిలో నానవైచినచో వెలుపలి నీరు లోనికి చొచ్చి అది ఉబ్బును. పలుచని పొరకు ఇరుప్రక్కల లవణములు అసమానముగా నున్నప్పుడు నీరు తక్కువ లవణమున్న వైపునుండి ఎక్కువ లవణమున్న వైపునకు పోవును. దీనికి ద్రవాభిసరణమని పేరు.

సముద్రపు చేప శరీరములోని ద్రవములందు ఉప్పు, సముద్రజలములోని దానికి సుమారు మూడవవంతు మాత్రమే. కావున ఉప్పునీటిలో ఈదుచున్న చేప నిరంతరము మామిడిముక్కవలె నీటిని కోల్పోవుచుండును. నీటి నడుమ నుండియు దానికి దాహమే. ఆ లోటు తీర్చుకొనుటకు అది సముద్రజలమును త్రాగును. త్రాగిన నీటితో లోనికి చేరిన అదనపు ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణములద్వారా వెలికి నెట్టును. ఈ పనికి దాని బలములో కొంతభాగము ప్రతిక్షణమును వ్యయమగుచున్నది. లవణీయత హఠాత్తుగా పెరిగినచో ఆ శ్రమ పెరుగును. బలహీనపడిన చేప మేత ముట్టదు, రంగు తగ్గును, రోగములకు లోబడును.

చేపకు ఈ పోరాటము చేయు శక్తి యైన కలదు. నక్షత్రచేప, సముద్రపుష్పము, పగడపుజీవి మొదలగువానికి అదియు లేదు. వాని శరీరద్రవముల లవణము చుట్టునున్న సముద్రజలముతో ఇంచుమించు సమానముగా నుండును. వెలుపలి నీరు మారినచో లోపలి నీరు కూడ దానితో పాటే మారును. అందువలన తొట్టిలో తప్పు జరిగినప్పుడు మొదట బాధపడునవి ఇవియే. సముద్రపుష్పము విచ్చుకొనక ముడుచుకొనియే యున్నచో తెలివిగల యజమాని మేతను గూర్చి ఆలోచించుటకు ముందు లవణీయతను కొలుచును.

ప్రకృతిలో లవణీయత ఎన్నడును మారదని కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మొదలగు నదులు వర్షకాలమున మోసికొనివచ్చు మంచినీటివలన బంగాళాఖాతపు ఉపరితలజలము అరేబియా సముద్రజలముకంటె తక్కువ ఉప్పుగా నుండును. ఉత్తరభాగమున కొన్నిచోట్ల అది 30 గ్రాములకు లోపునకు కూడ దిగును. పులికాటు సరస్సులో వరదనీరు చేరినప్పుడు ఉప్పు బాగుగా తగ్గును. వేసవిలో నీరు ఇంకి ఎండినప్పుడు సముద్రమునే మించును. పులస చేప సముద్రమునుండి గోదావరి వరదకు ఎదురీది మంచినీటిలోనికే వచ్చుచున్నది. కాని ఆ మార్పు అది నదీముఖమున ఉప్పునీరును మంచినీరును కలియుచోట క్రమక్రమముగా ఈదుచు తెచ్చుకొనునది. పైగా ఆ జాతి శరీరము అట్టి ప్రయాణమునకు తగినట్లు ఏర్పడినది. పగడపు దిబ్బలపై పుట్టిన చేపకు ఆ నేర్పు లేదు. తొట్టిలో పారిపోవుటకు చోటును లేదు. తీరమునుండి స్వయముగా సముద్రజలము తెచ్చి వాడువారు సైతము, వానలు వెలిసిన వెంటనే తెచ్చిన నీటిని కొలువక పోయరాదు.

కొలుచుటకు నాలుక పనికిరాదు. 35 గ్రాముల నీటికిని 39 గ్రాముల నీటికిని గల భేదమును ఏ నాలుకయు నమ్మకముగా చెప్పజాలదు. ఉప్పునీటి చిక్కదనమును కోడిగ్రుడ్డు వేసి చూచు పద్ధతి యొకటి గ్రామములలో కలదు. చిక్కని ఉప్పునీటిలో గ్రుడ్డు తేలునన్నమాట నిజమే. కాని మంచి గ్రుడ్డు సముద్రజలమున మునుగును. కావున ఆ పరీక్ష ఊరగాయకే గాని అక్వేరియమునకు తగదు. పాలలో నీరు కలిపినది లేనిది పాలకేంద్రములలో లాక్టోమీటరు వేసి చూచుట అనేకులు ఎరిగినదే. ఆ జాతి పరికరమే హైడ్రోమీటరు. నీరు బరువైనకొలది అది పైకి తేలును. సముద్రజలపు సాపేక్షసాంద్రత సుమారు 1.026. హైడ్రోమీటరుకు గాలిబుడగ అంటుకొన్నను, ఎండిన ఉప్పు పేరుకొన్నను కొలత తప్పును. నీరు వెచ్చనైనప్పుడు పలుచబడును గనుక అది ఏ ఉష్ణోగ్రతకై గుర్తింపబడినదో ఆ ఉష్ణోగ్రతయందే చూడవలెను. ప్రతిసారియు వాడిన తరువాత మంచినీటితో కడుగుట మరువరాదు.

వెలుతురు ఎంత వంగినదో చూచి ఉప్పును తెలుపు రిఫ్రాక్టోమీటరు దీనికంటె మేలైనది. భీమవరము, నెల్లూరు ప్రాంతములలో రొయ్యల చెరువులు సాకువారి చేతులలో దీనిని చూడవచ్చును. ఒకటి రెండు చుక్కల నీటిని దాని గాజుపలకపై వేసి, మూత దించి, వెలుతురువైపు త్రిప్పి చూచినచో నీలము తెలుపు కలిసిన గీత యొద్ద అంకె కనబడును. దీనిని స్వేదనజలముతో సున్న చూపునట్లు అప్పుడప్పుడు సరిచేయవలెను. 35 గ్రాముల లవణీయత గల ప్రమాణద్రవముతో సరిచేసినచో మరింత నమ్మదగినది. విద్యుత్ప్రవాహమునుబట్టి లవణీయతను చూపు యంత్రములు కూడ ఉన్నవి గాని పాఠశాలకు రిఫ్రాక్టోమీటరు చాలును.

మంచినీరు పోయవలెనని చెప్పుట తేలిక, ఏ మంచినీరు? ఆవిరి తనతో దేనిని తీసికొనిపోదు. పోసిన నీటిలో ఏమున్నదో అది అంతయు తొట్టిలోనే నిలిచిపోవును. బోరునీటిలో కరగియున్న సున్నము, ఇతరలవణములు ఒకనాడు చూచిన అత్యల్పమే. ఏడాదిపొడవున దినదినమును పోసినచో గుట్టయగును. కుళాయినీటిలో సూక్ష్మజీవులను చంపుటకు కలుపు క్లోరిను చేప మొప్పలను కూడ బాధించును. కావున స్వేదనజలము గాని, నేడు ఇండ్లలో త్రాగునీటికై వాడు రివర్స్ ఆస్మాసిస్ యంత్రపు నీరు గాని శ్రేష్ఠము. పాత్రవిషయమున ఒక జాగ్రత్త యున్నది. రాగిచెంబులో నిలువయుంచిన నీరు మనుష్యులకు మంచిదని అనేకులు త్రాగుదురు. ఆ నీరు మాత్రము తొట్టిలో పోయరాదు. నీటిలో కరగిన రాగి కొద్దిపాటిదైనను వెన్నెముక లేని సముద్రజీవులకు విషము. ప్లాస్టిక్కు బకెట్టు, గాజుసీసా మేలు. సబ్బునురుగు తగిలిన బకెట్టు కూడదు.

ఇక పోయు విధానము. తొట్టి గాజుపై నిండుమట్టమునొద్ద సన్నని గీత యొకటి గీయవలెను. ప్రతిదినము ఒకే వేళకు చూచి, తగ్గినంతవరకు మెల్లగా పోయవలెను. వారమునకు ఒకమారు బకెట్టెడు పోయుటకంటె దినమునకొక చెంబెడు పోయుట వేయిరెట్లు మేలు. నీరు కదలుచున్నచోట పోసినచో త్వరగా కలిసిపోవును. ప్రాణి నెత్తిన పోయరాదు. నీటిని ఎత్తిపోయు పంపు నడచుచుండగా ఒక మట్టము, ఆగినప్పుడు మరియొక మట్టము ఉండు తొట్టులు కలవు. విద్యుత్తు పోయిన సమయమున పై అరలోని నీరు క్రిందియరకు దిగి మట్టము పెరిగినట్లు కనబడును. గీతను పంపు నడచునప్పుడే గీయవలెను, నడచునప్పుడే చూడవలెను. క్రిందియర పొర్లిపోకుండ ఆ దిగు నీటికి చోటు కూడ విడువవలెను.

గాజుమూత వేసినచో ఆవిరి చాలవరకు తగ్గును. మూతకు తాకిన ఆవిరి చుక్కలై మరల తొట్టిలోనే పడును. కాని వేసవిలో మూత వేసిన తొట్టి వేడెక్కును. మూత తీసి నీటిపై చిన్న పంకాను తిప్పినచో, మట్టికుండలోని నీరు చల్లబడినట్లే, ఆవిరి వేడిమిని కొనిపోవుటచే నీరు చల్లబడును. అప్పుడు మట్టము త్వరత్వరగా దిగును. చల్లదనమునకు వెల నీటితో చెల్లింపవలసినదే. పంకా పెట్టిననాడు దినమునకు రెండుమారులు గీతను చూడవలెను.

మనుష్యుని పని లేకుండ నీరు నింపు సాధనములు పలువిధములు. కోళ్లకు నీరు పెట్టు పాత్రవలె, నీటితో నిండిన సీసాను బోర్లించి దాని మూతి సరిగా గీతయొద్ద నుండునట్లు అమర్చుట మిక్కిలి చౌకయైనది. మట్టము మూతికంటె దిగినప్పుడు గాలి లోనికి పోయి నీరు బయటికి వచ్చును. మూతి మునిగినంతనే ఆగిపోవును. ఇంటిమీది నీళ్లతొట్టెలో నుండు తేలుబంతి కవాటము మరియొకటి. మట్టమును కనిపెట్టి చిన్న పంపును నడుపు విద్యుత్సాధనములు ఇప్పుడు విరివిగా దొరకుచున్నవి. ఇవి యన్నియు ఉపయోగకరములే. ఏదియు పూర్తిగా నమ్మదగినది కాదు. నత్త యొకటి ప్రాకి తేలుబంతిపై కూర్చున్నచో బంతి దిగియే యుండును, నీరు వచ్చుచునే యుండును. కావున ఇట్టి సాధనమును ఎన్నడును కుళాయిగొట్టమునకు తిన్నగా కలుపరాదు. చిన్నపాత్రలోని నీటికే కలుపవలెను. పైన చెప్పిన 54 లీటర్ల తొట్టిలో పాత్రలోని 5 లీటర్లు పొరపాటున ఒకేసారి దిగినను లవణీయత 32కు మాత్రమే తగ్గును. ప్రాణులు బాధపడును గాని బ్రదుకును. కుళాయిగొట్టము రాత్రియంతయు పారినచో తెల్లవారునప్పటికి తొట్టిలో మంచినీరే మిగులును.

ఉప్పునీరు విద్యుత్తునకు మంచి వాహకము. పంపు తీగవెంట జారిన నీటిచుక్క గోడలోని సాకెట్టును చేరినచో ప్రమాదము. తీగను సాకెట్టుకంటె క్రిందికి వ్రేలాడునట్లు వదలినచో చుక్క ఆ వంపునొద్దనే నేలరాలును. నీటిలో చేయి పెట్టుటకు ముందు విద్యుత్తును ఆపుట తప్పనిసరి.

లవణీయత తప్పినట్లు తెలిసినప్పుడు తొందరపడి ఒక్కదినముననే సరిచేయుట రెండవ తప్పు. ప్రాణి ఇప్పటికే ఒక మార్పునకు లోనై యున్నది. మరియొక మార్పును వెంటనే దానిపై మోపరాదు. దినమునకు ఒక గ్రాముకంటె ఎక్కువ మార్పకుండుట క్షేమము. పై తొట్టి గీతవరకు నిండియుండి 39 గ్రాములున్నచో, 1.4 లీటర్ల తొట్టినీటిని తీసి అంత మంచినీరు పోసిన 38కి వచ్చును. నాలుగుదినములలో పని ముగియును. లవణీయత తక్కువైనచో పొడి ఉప్పును తొట్టిలో వేయరాదు; అది కరగక ముందే ఏ సముద్రపుష్పముపైననో పడి దానిని కాల్చినట్లు చేయును. కొన్నిదినములు మంచినీటికి బదులు సముద్రజలముతోనే మట్టమును నింపుచు కొలుచుచుండినచో క్రమముగా పెరుగును. ఇందాక తప్పని చెప్పినదియే ఇచ్చట మందైనది.

వారమునకో పక్షమునకో కొంత నీటిని మార్చుటకై క్రొత్తజలమును వేరుపాత్రలో ముందుదినముననే కలుపుకొనవలెను. నీరు పోసి అందు సముద్రలవణమును కొద్దికొద్దిగా చల్లుచు కలుపవలెను. ఉప్పుగుట్టపై నీరు పోసినచో కాల్షియము మొదలగునవి విరిగి అడుగున తెల్లని మడ్డిగా నిలుచును. ఒకదినము కదలుచుండనిచ్చి, ఉప్పును వేడిమిని కొలిచి, తొట్టిలోనివానితో సమానమైన పిమ్మటనే వాడవలెను.

ఈ నేర్పు అలవడిన తరువాతనే ప్రాణులను తేవలెను. అంతవరకు ఉప్పునీటి తొట్టిని కొన్నివారములు ప్రాణులు లేకుండనే నడిపి, గీతను కొలతను నిలుపుట అభ్యసింపవచ్చును. సముద్రమునుండి ఇష్టము వచ్చినదానినెల్ల తెచ్చుటకు వీలులేదు. దిబ్బలు కట్టు పగడపుజీవులకు, సముద్రపుగుఱ్ఱములకు భారతదేశమున 2001వ సంవత్సరము నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ కలదు. విదూషక చేపలను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు విధానమును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించిరి. అట్లు పెంపకమున పుట్టిన చేపను తెచ్చుట సముద్రమునకును, చేపకును మేలు.

పాఠశాలలోని తొట్టికి అసలు గండము వేసవి సెలవులలో వచ్చును. ఆవిరి మిక్కిలి యెక్కువగా నుండు కాలమున గదికి తాళము పడును. కావలియతనికి నీరు పోయుమని చెప్పి పోయినచో, అతడు దయతో గీత దాటునట్లు పోయును. లేదా పదిదినములకొకమారు తలచుకొని బకెట్టెడు క్రుమ్మరించును. తప్పు అతనిది కాదు. పని చెప్పిన తీరుది. సెలవులకు ముందు ఒకవారము విద్యార్థులు మట్టమును కొలిచి చూడవలెను. వారమునకు రెండు సెంటీమీటర్లు తగ్గినచో 3.6 లీటర్లు, అనగా దినమునకు సుమారు అరలీటరు. అరలీటరు సీసాలను మంచినీటితో నింపి, తేదీలు వ్రాసిన కాగితములు అంటించి, వరుసగా నిలువవలెను. ఏనాటి సీసా ఆనాడు పోయవలెను. ఒకనాడు మరచినచో మరునాడు రెండు సీసాలు పోసినను ముప్పు లేదు. వారము మరచినచో ఆ యేడింటిని మూడుదినములలో పంచి పోయవలెను. ఎండలు ముదిరినప్పుడు మట్టము గీతకు దిగువనే యుండినచో పోయుటకు తేదీ వ్రాయని సీసాలు నాలుగైదు వేరుగా నుంచుట మంచిది. ఖాళీసీసాలను పారవేయక అచ్చటనే యుంచుమని కావలియతనికి చెప్పవలెను. బడి తెరచిననాడు వానిని లెక్కించినచో సెలవులలో తొట్టినుండి ఎంతనీరు గాలిలో కలిసినదో విద్యార్థులకు తెలియును.